మా వీధిలో లేని కలరా

మా ఆడపడుచు మా ఇంటి ముందున్న బోరింగుకి గొలుసు చుట్టించి తాళం వేయించింది. అదీ పట్టపగలు, వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూస్తుండగా. ఆరోగ్యశాఖ ఆఫీసులో ఆవిడ ఉద్యోగం లెక్కలు కట్టడం. ఈ వారం ఫలానా చోట ఇంతమందికి జబ్బు చేసింది, ఒక్కొక్కరూ సగటున ఇంతమందికి అంటిస్తారు, కాబట్టి మూడు వారాలకి ఇంతమంది పడతారు అని కంప్యూటర్‌తో చెప్పిస్తుంది; ఊరి మ్యాపు మీద జబ్బున్న చోటల్లా ఎర్రచుక్క పెడుతుంది. ఊళ్ళో తన చెల్లెలంత తెలివైనవాళ్ళు లేరని మా ఆయన నమ్మకం. పెళ్ళయిన నాటినుంచి ఆ నమ్మకాన్ని నేను మోస్తున్నాను.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

"నీ ప్రాణం కాపాడుతున్నా వదినా," అంది నా మొహం చూడకుండానే. "ఆరు వారాల్లో ఈ ఒక్క వీధిలోనే అరవై మూడు కలరా కేసులు. ఆసుపత్రిలో పేర్లు రాసుకునేది నువ్వేగా. పక్కింట్లో ఏం జరుగుతుందో నీకు తెలీదా?"

తెలియకేం. ఆ అరవై మూడూ రాసింది నేనే. మా వీధిలో ఒక్కరికీ కలరా లేదు.

పక్కింటి పిన్నిగారు గేటు పట్టుకుని నిలబడింది. "మన వీధిలో ఇంటికి ముగ్గురి చొప్పున విరేచనాలట. మీ ఆడపడుచు చెబుతోంది. మా ఇంట్లో ఉన్నదే ఇద్దరం." నేను నవ్వలేదు. ఆవిడా నవ్వించాలని అనలేదు.

"గురువారం టీకా మందు వస్తోంది," అంది మా ఆడపడుచు, జనమంతా వినేలా. "ఉన్నది మూడువేల మందికే. మొత్తం మీ వార్డుకే ఇప్పించాను."

ఇక అసలు సంగతి చెప్పేస్తాను. మురిక్కాలవ అవతల ఇటుకబట్టీ కూలీల రేకుల షెడ్లున్నాయి. అవి ఏ వార్డులోనూ లేవు. మా ఆసుపత్రిలో వార్డు అడ్రస్ లేనివాళ్ళకి సెలైన్ ఎక్కించరు. అది రూలు. ఆరు వారాల కిందట, మొదటిరోజు ఒకాయన భార్యని భుజాన వేసుకొచ్చాడు. ఆవిడ కళ్ళు గుంటల్లోకి పోయాయి, గిచ్చితే చర్మం లేచింది లేచినట్టే నిలబడిపోయింది. మా ఆసుపత్రి ఆయా ఉండేది కూడా ఆ షెడ్లలోనే. "ఏదో ఒకటి రాయండమ్మా," అంది. నేను మా ఇంటి నంబరు రాశాను. మర్నాడు వచ్చినవాళ్ళకి పక్కింటిది రాశాను. ఆ తర్వాత ఒకే ఇంటి మీద ఎక్కువమంది పడకుండా సర్దుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళిపోయాను. మా ఇంట్లో బియ్యం కూడా అంత జాగ్రత్తగా కొలిచి ఎరగను. ఆ రిజిస్టర్ ఎవరూ చదవరనుకున్నాను. పదకొండేళ్ళలో ఎవరూ చదవలేదు మరి.

నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. అదొక్కటే అయితే ఎలాగో పడేదాన్ని. రేపు షెడ్లనుంచి ఎవరొచ్చినా గుమ్మంలోంచే తిప్పి పంపేస్తారు. విప్పకపోతే టీకాలన్నీ కాలవకి ఇవతలే, జబ్బులేని మా వీధికే పోతాయి. రెండు రోజులపాటు ఇంట్లో గిన్నెల మీద, మా ఆయన మీద నా కోపమంతా చూపించాను.

మంగళవారం ఆయా తడిగుడ్డ పిండుతూ అంది. "నిన్న ఇంకో ముగ్గురు పడ్డారమ్మా. టీకాలు మీ వీధికంట కదా." తిట్టినా బాగుండేది. ఆ మనిషి కోడల్ని పోగొట్టుకుని ఇంకా వారం కాలేదు.

ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చిన మా ఆడపడుచు ముందు కూర్చున్నాను. "నీ మ్యాపు తప్పు," అన్నాను.

"రిజిస్టర్ తప్పయితే తప్ప నా మ్యాపు తప్పవదు."

"అదే చెబుతున్నా."

ఆవిడకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. "అరవై మూడులో ఎన్ని?"

"అరవై మూడూ."

"ఆరు వారాలు నీ అబద్ధానికి లెక్కలు కట్టానన్నమాట. అవతలి వార్డువాళ్ళ నోటిదగ్గరి మందు లాక్కొచ్చాను."

"ఒక్కసారి కాలవ దాటి చూసుంటే నీకే తెలిసేది."

"ఒక్కసారి నువ్వు నిజం రాసుంటే దాటేదాన్ని."

"నిజం రాస్తే వాళ్ళు మా గుమ్మంలోనే పోయేవాళ్ళు."

"ఇప్పుడు ఎంతమంది పోయారు?"

"నలుగురు."

"మొదటి పదిమంది షెడ్లవాళ్ళని తెలిసుంటే అక్కడి నీళ్ళు అప్పుడే ఆపించేదాన్ని. తర్వాతి యాభైమూడుమందీ నీ చలవే వదినా."

చెంప పగలగొట్టాలనిపించింది. అది నిజం కాకపోతే కొట్టేదాన్నే.

"చెప్పు. ఎవరు, ఏ రోజు, ఏ షెడ్డు," అంది కంప్యూటర్ ముందుకు లాక్కుని. నాకు కాగితం అవసరం రాలేదు. అరవై మూడుమందినీ వరసగా చెప్పాను. మా వీధిలో ఎర్రచుక్కలు ఒక్కొక్కటే చెరిగిపోయి కాలవ అవతల లేచాయి. ఇన్నాళ్ళూ ఆవిడ వీధి లెక్కే చూసింది, ఇళ్ళ నంబర్లు చూడటం ఇప్పుడే. చివరి చావు దగ్గర ఆవిడ వేళ్ళు ఆగాయి. "ఇది ఈ ఇంటి నంబరు. సంబంధం, ఇంటి యజమాని చెల్లెలు అని ఉంది. ఇదెవరు?"

"ఆయా కోడలు. మా ఇంటికి వచ్చిపోయే ఆడమనిషి నువ్వు కాక ఇంకెవరున్నారు? అలా రాశాను."

"అంటే నన్ను చంపావు."

"ఆ అమ్మాయిని బతికిద్దామని రాశాను. బతకలేదు."

ఆవిడ ఆ చుక్కని కూడా కాలవ అవతలికి జరిపింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది, అదీ ఆవిడ ముందు రావడంతో ఇంకా చిరాకేసింది.

మర్నాడు తన చేత్తోనే కాగితం పెట్టి నా ఉద్యోగం తీయించింది. గురువారం టీకా బండిని తనే దగ్గరుండి షెడ్లకి తీసుకెళ్ళి, బురదలో నిలబడి ఒక్కొక్కరి నోట్లో మందు పోయించింది. మా ఇంటికి రావడం మానేసింది. మా ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. షెడ్లకి టీకాలు వెళ్ళాయి గానీ ఆసుపత్రి రూలు మాత్రం అంగుళం కదల్లేదు.

సోమవారం బీరువా తాళాలు అప్పగించడానికి ఆసుపత్రికి వెళ్ళాను. నా కుర్చీలో కొత్త గుమాస్తా. ఆయన పక్కన మా ఆడపడుచు, ఇక ఎవర్నీ నమ్మనని రోజూ వచ్చి రిజిస్టర్ తనే చూసుకుంటోందట. వరసలో మొదట ఒక పడుచుమనిషి, పొట్ట పట్టుకుని వంగిపోయి ఉంది. కాళ్ళకి ఇటుకధూళి. టీకా రోజున బట్టీలో పనికి పోయిందేమో.

"అడ్రస్?" అన్నాడు గుమాస్తా.

ఆ అమ్మాయి తడుముకోకుండా మా వీధి పేరు, మా ఇంటి నంబరు చెప్పింది. షెడ్లలో అందరూ అది కంఠతా పట్టేసినట్టున్నారు.

గుమాస్తా కలం ఆపాడు. "మేడమ్, ఇది మీ అన్నయ్యగారి ఇల్లు కదూ? ప్రతి ఒక్కర్నీ ఆరా తీయమన్నారు. ఈవిడ మీకేమవుతుంది?"

మా ఆడపడుచు నావైపు ఒక చూపు చూసింది. అందులో నామీద కోపం ఏమాత్రం తగ్గలేదు.

"చెల్లెలు," అంది. "రాసుకోండి. త్వరగా సెలైన్ పెట్టించండి."

తర్వాత తన కంప్యూటర్ తెరిచి, మా వీధి దాటి, కాలవ దాటి, షెడ్ల మధ్య ఒక ఎర్రచుక్క పెట్టింది.