రాతి సింకులో కొండ

అంట్లు తోమడం అయ్యాక ఆవిడ కంకర కడగడం మొదలుపెట్టింది. పాత జల్లెడలో గుప్పెడు గుప్పెడు పోసి, నీళ్ళు తేటపడేదాకా కడుగుతుంటే హాల్లోంచి మొగుడి గొంతు. "మనుషులకి కాఫీకి దిక్కులేదు గానీ రాళ్ళకి స్నానాలట!" ఆయన తాగి పక్కన పెట్టిన కప్పు ఇంకా వేడి చల్లారలేదు.

కంకర బాల్కనీలో ఉన్న పాత రాతి సింకులోకి. ఆ సింకులోనే ఆవిడ పెళ్ళయిన దగ్గర్నుంచీ అంట్లు తోమింది. ఓ మూల పగిలిందని, వంటిల్లు బాగుచేయించినప్పుడు అవతల పారేద్దామన్నారు. పగిలితేనేం, అడుగున నీళ్ళు పోయే బెజ్జం ఉందిగా! బాల్కనీలోకి లాగించుకుని, కంకరా ఇసకా నింపి, రాళ్ళని ఏటవాలుగా పాతి, సందుల్లో చలికొండల మీద పెరిగే బుల్లి మొక్కలు నాటింది. "వీటిని ముద్దు చేస్తే చస్తాయమ్మా. ఎరువొద్దు, నీళ్ళు నిలవకూడదు," అని చెప్పాడు మొక్కలమ్మినాయన. ఆవిడకి నవ్వొచ్చింది. ఈ ఇంట్లో తక్కినవాళ్ళంతా ముద్దు చేయకపోతే చచ్చేవాళ్ళే మరి. బూడిదరంగు దిండులా ఒదిగి కూచున్న మొక్క ఒకటుంది. ఏళ్ళ తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, ఈసారి చలి తగ్గగానే ఆవగింజలంత మొగ్గలేసింది. రోజూ పొద్దున్నే వంగి చూసుకునేది.

"మా ఆఫీసరుగారు నీ సింకు తోటని చూసి తెగ ముచ్చటపడ్డారు. ఇచ్చేస్తానని మాటిచ్చా. ఆదివారం కారు పంపిస్తారు," అన్నాడు మొగుడు.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది!

"నన్నో మాట అడగలేదేం?"

"రాళ్ళక్కూడా అడగాలా?"

"పోనీలే అమ్మాయ్, ఇంకోటి చేసుకుందువుగాని," అంది అత్తగారు గడపలో కూచుని.

పోనీలే. ఆ ఒక్క మాట మీదే ఆవిడ కాపురం ఇన్నాళ్ళూ నిలబడింది. వేరే ఊళ్ళో బ్రాంచికి ఇన్‌చార్జిగా వెళతావా అని తన ఆఫీసులో మేనేజరమ్మ మొదటిసారి అడిగితే, "నువ్వెళ్తే ఇల్లెవరు చూస్తారు?" అన్నాడాయన. పోనీలే అనుకుంది. రెండోసారి అడిగినప్పుడు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తనే వద్దంది, అదీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. మొన్న మూడోసారి అడిగింది మేనేజరమ్మ. "సోమవారం చెప్పు. ఇంక అడగను."

శనివారం ఆఫీసునుంచి వచ్చేసరికి రాళ్ళన్నీ బాల్కనీలో ఓ మూల కుప్పగా పడున్నాయి. సింకు నిండా నల్లమట్టి.

"బరువని రాళ్ళు తీసేశా. మొక్కలెక్కడికీ పోలేదులే! వట్టి ఇసకలో ఏం బతుకుతాయని మంచి మట్టి పోసి, ఎరువేసి, కడుపునిండా నీళ్ళు పెట్టా. కార్లో కారకుండా బెజ్జానికి గుడ్డ కూడా కుక్కా," అన్నాడు, మెచ్చుకుంటుందని చూస్తూ.

రాళ్ళు బరువూ, మొక్కలు తోటా అనుకున్నాడు మహానుభావుడు. రాళ్ళని పట్టుకున్న వేళ్ళు రాళ్ళతోనే తెగిపోయాయి. బూడిదరంగు దిండు రెండు ముక్కలై బురదలో తేలుతోంది, మొగ్గలతో సహా. ఆవిడకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

"అలా చూస్తావేం? రేపటికి సర్దిపెట్టు, నీకు తెలుసుగా," అని ఆయన టీవీ ముందుకెళ్ళాడు.

ఆవిడ కుప్పలో వెతికింది. అరచేతిలో పట్టే రాయి ఒకటి దొరికింది, దాని పగులులో ఆ మొక్కదే ఓ చిన్న పిలక, వేరుతో సహా. అత్తగారు వంటింట్లోంచి తన మట్టిమూకుడు తెచ్చి చేతికిచ్చింది. "అడుగున బెజ్జం లేదే అమ్మాయ్. నువ్వే పెట్టుకో." ఈసారి పోనీలే అనలేదు.

మేకుతో మెల్లగా బెజ్జం పెట్టి, కడిగిన కంకర పోసి, రాయిని నిలబెడుతుంటే మొగుడు మళ్ళీ వచ్చాడు.

"ఇదేంటి? ఆఫీసరుగారికి ఇదా ఇచ్చేది?"

"సింకు ఆయనకిచ్చేయండి. ఇది నాది."

"బావుంది, మరీ మూకుడంతేనా? ఇంత చిన్నదెందుకు?"

ఆవిడ చేతికంటిన ఇసక దులుపుకుంది.

"బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాలి కదండీ. సోమవారం మా మేనేజరమ్మకి వెళ్తానని చెప్పేస్తున్నా."