రొట్టెల చప్పుడు ఆగిన సాయంత్రం

నేను ఒక పెనాన్ని. దోసెల పెనం అనుకునేరు, కాదు. జొన్నరొట్టెల పెనాన్ని. ఆదోనిలో ఒక కమ్మరి ఎర్రగా కాల్చి, సుత్తితో బాగా వాయించి నన్ను తయారుచేశాడు. అన్ని దెబ్బలు తిన్నదాన్ని కాబట్టి దెబ్బల గురించి మాట్లాడే అర్హత నాకుంది. దెబ్బలు తగిలితే ఇనుముకు ఆకారం వస్తుంది. మనుషులకు రాదు. ఈ చిన్న సంగతి చాలామంది మగవాళ్ళకు ఇంకా తెలియదు.

నన్ను మొదట కొన్నది ఈరమ్మ. ఆమె మొగుడు తాగొచ్చి చెయ్యి చేసుకునేవాడు. మా వీధిలో సాయంత్రమైతే ప్రతి ఇంట్లో రొట్టెలు తడతారు. పిండిముద్దను చెక్క మీద పెట్టి అరచేత్తో టపటపా తడుతుంటే ఆ చప్పుడు నాలుగిళ్ళ దాకా వినబడుతుంది. మొగుడు కేకలు మొదలుపెట్టగానే ఈరమ్మ ఇంకా గట్టిగా తట్టేది, లోపలి గొడవ బయటికి వినబడకూడదని. కొడుకు తిక్కన్నకు పెళ్ళయ్యాక కోడలు ఉరుకుందమ్మకు నన్నూ అప్పగించింది, ఆ ఉపాయాన్నీ అప్పగించింది. "వాడు అరిస్తే నువ్వు గట్టిగా తట్టమ్మా, పరువు పోదు" అంది. కొడుకు చెయ్యి పట్టుకుని ఆపాలని మాత్రం ఆమెకు తోచలేదు. ఆమె కాలం చేసినా నాకు ఆమె మీద ఇప్పటికీ కోపమే.

పదకొండేళ్ళు ఉరుకుందమ్మ గట్టిగానే తట్టింది. ఆయమ్మ రొట్టెలు ఎంత పల్చగా వస్తాయో అని వీధంతా మెచ్చుకునేది.

అలాంటి రోజుల్లో జమీలా టీచర్ వచ్చింది. అంగన్‌వాడీ గదిలో మధ్యాహ్నం పూట తల్లులకు చదువు చెప్పేది. చదువయ్యాక అక్కడే రొట్టెలు చేయించి ఒక హాస్టల్‌కు అమ్మించేది. అందుకని నేను కూడా ఉరుకుందమ్మ చంకనెక్కి క్లాసుకు వెళ్ళేదాన్ని.

ఒకరోజు టీచర్ "కొట్టడం నేరమమ్మా, మీ తలరాత కాదు" అంది. ముందుగా ఉరుకుందమ్మే నోరు విప్పి, తాను గట్టిగా ఎందుకు తడుతుందో చెప్పేసింది. పక్కింటి బసమ్మ ఆమె వైపు తిరిగింది. "నేనూ అందుకేనక్కా తట్టేది" అంది. వెనక నుంచి ఇంకొకామె "మా ఇంట్లోనూ అంతే" అంది. ఇన్నేళ్ళూ ఒకరి ఏడుపును ఒకరు రొట్టెల చప్పుడనుకున్నారు.

ఆ రోజే వాళ్ళొక మాట అనుకున్నారు. రొట్టెల పని అయిపోతే చెక్క మీద రెండుసార్లు కొట్టాలి. అలా కొట్టకుండా పక్కింట్లో చప్పుడు ఆగిందంటే అక్కడ మొగుడు చెయ్యెత్తాడని అర్థం. వెంటనే మనమూ ఆపి, లేచి పోవాలి.

కొన్నాళ్ళకు ఇంటి బాడుగ కాగితం తిరగరాయాల్సి వచ్చింది. బాడుగ కడుతున్నది ఉరుకుందమ్మే కాబట్టి ఇంటి యజమాని ఆమె పేరు మీదే రాశాడు. వేలిముద్రకని ఇంకు డబ్బా ముందుకు తోస్తే, ఆమె పెన్ను అడిగి సంతకం పెట్టింది.

ఆ సంగతి తెలిసి తిక్కన్న దీపాలు పెట్టే వేళకు ఊగిపోతూ వచ్చాడు. "నాకు చెప్పకుండా సంతకం పెట్టేంత పెద్దదానివైనావా?" అని చెయ్యెత్తాడు. ఉరుకుందమ్మ చేతులు పిండి మీద ఆగిపోయాయి. పక్కింట్లో బసమ్మ ఆపింది. ఆ పక్కింట్లో ఆగింది. వీధి చివరిదాకా ఒక్కొక్క ఇల్లే ఆగిపోయింది. ఏం జరుగుతోందో తెలియక తిక్కన్న ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలబడ్డాడు. అంతలో గుమ్మం నిండా ఆడవాళ్ళు, చేతులనిండా పిండితో.

"ఏంది తిక్కన్నా, ఏం జరుగుతాంది?" అంది బసమ్మ.

అతను చెయ్యి దించాడు. ఉరుకుందమ్మ పిండి చేతులతోనే లేచి నిలబడింది. సూటిగా చెప్పింది.

"ఈ ఇల్లు నా పేరు మీద ఉండాది. ఈ పొద్దు నువ్వు బయటికి పో. రేపు క్లాసుకొచ్చి, ఈళ్ళందరి ముందర ఇంక చెయ్యెత్తనని చెప్పు. అప్పుడు ఇంట్లోకి రా."

తిక్కన్న అందరి మొహాలూ చూశాడు. ఒక్కరూ చూపు తిప్పుకోలేదు. చెప్పులేసుకుని వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళిపోయాడు. మరునాడు వస్తాడో రాడో, వచ్చినా మాట మీద నిలబడతాడో లేదో, ఆ పూట ఎవరికీ తెలియదు.

ఆడవాళ్ళు వెళ్ళాక ఉరుకుందమ్మ తలుపు మూసి గడియ పెట్టింది. మిగిలిన పిండితో ఒక రొట్టె కాల్చుకుంది. ఈ ఇంట్లో ఒక ఆడమనిషి గుమ్మం వైపు చూడకుండా, నిదానంగా కూర్చుని, వేడి రొట్టె వేడిగా తినడం నేను చూసింది అదే మొదటిసారి.