బదులు తెచ్చుకున్న గీతలు

దగ్గరికి రండి పిల్లలూ. ఆ గోడ పక్కన కూర్చున్నవాళ్లు కూడా ముందుకు జరగండి, నా గొంతు ఈ పూటకి ఇంతకన్నా లేవదు. పొద్దుననుంచీ మీచేత ఎక్కాలు చెప్పించీ చెప్పించీ అరిగిపోయింది. చేతులు ఒళ్లో పెట్టుకోండి. వేళ్లతో మన్ను గీకకండి. ఈ కథ వేళ్లదే.

హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు వెనక వీధిలో కుళ్ళాయమ్మ అని ఒకామె. పుట్టింది ధర్మవరంలో, మగ్గం ఉన్న ఇంట్లో. మెట్టింది హిందూపురం. వచ్చిన నెలనుంచే గూళ్లు ఉడకబెట్టి దారం తీసే పనికి పోయింది. పొద్దున ఏడింటికి బేసిన్ ముందు కూర్చుంటే, పొగలు కక్కే నీళ్లలో వేళ్లు ముంచి గూటి కొన పట్టుకోవడం, లాగడం, చక్రానికి అందించడం. సాయంత్రానికి వేళ్లు ఉడికిన అలసందల్లా తెల్లగా ఉబ్బి ఉంటాయి. అట్లా పద్నాలుగేళ్లు. ఆమె వేళ్లమీద గీత అన్నది లేదు. అరచెయ్యి తిప్పి చూస్తే పదివేళ్లూ కడిగిన పింగాణీ గిన్నెల్లా నున్నగా ఉంటాయి.

నెలకోసారి బియ్యం ఇచ్చే రోజు వస్తుంది. ఆ రోజు కుళ్ళాయమ్మ పొయ్యి దగ్గరినుంచి లేచి, బడికి తల దువ్వుకుంటున్న కూతురి ముందు కూర్చునేది.

"అమ్మీ, గీతలు ఒక పూట ఇస్తావా?"

"తీసుకోమ్మా," అనేది అమృత.

బొటనవేలికి బొటనవేలు ఆనించి పది లెక్కపెడితే చాలు. కాలిన దోసె పెనాన్ని వదిలినట్టు గీతలు కూతురి వేలు వదిలి తల్లి వేలికి వచ్చేవి. ఆమె రేషన్ స్టోరుకు పోయి, మిషను మీద వేలు పెట్టి, బియ్యం తెచ్చి, సాయంత్రం దీపం పెట్టేలోపల తిరిగి ఇచ్చేసేది. స్టోరు డీలరు జయరాముడికి ఈ సంగతి తెలుసు. "పాప ఇచ్చిందా? అయితే పెట్టు" అనేవాడు. ఆ వీధిలో చక్కెర బదులు తెచ్చుకుంటారు, కాఫీపొడి బదులు తెచ్చుకుంటారు, గీతలూ తెచ్చుకుంటారు.

అడిగి తీసుకోవాలి, అంతే. ఒకసారి తొందరలో, పాప నిద్రపోతుండగా వేలు ఆనించి చూసింది కుళ్ళాయమ్మ. మూడుసార్లు ఆనించినా గీతలు కదల్లేదు. పాపను లేపి అడిగింది. పాప కళ్లు మూసుకునే "ఊ" అన్నాక వచ్చాయి.

ఇది మొదలైన రోజు మాత్రం కుళ్ళాయమ్మ గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. కార్డుకు ముద్రలు తీసుకునేవాళ్లు వీధిలోకి వచ్చినప్పుడు అమృతకు ఎనిమిది నెలలు. కుళ్ళాయమ్మ వేలిని వాళ్ల మిషను అద్దం పట్టలేదు. కొబ్బరినూనె రాసి తుడిచింది, గోడకు రుద్దింది, అయినా పట్టలేదు. పక్కింటి చౌడక్క అప్పుడు చెప్పింది: "నీ బిడ్డవి బదులడుగు మే. ఈ వీధిలో ఎవురు అడగల్యా?" కుళ్ళాయమ్మ అడిగింది. ఎనిమిది నెలల పిల్ల అవునని ఎట్లా అంటుంది? తల్లి బొటనవేలు పట్టుకుని వదల్లేదు. దాన్నే అవుననుకుంది కుళ్ళాయమ్మ. గీతలూ వచ్చాయి. కానీ బిడ్డ అవుననే పట్టుకుందో, ఊరికే పట్టుకుందో, పదేళ్లయినా ఆమెకు తేలలేదు. ఆ మరుసటి ఏడే అమృత నాయన పోయాడు. తర్వాత ఆ ఆలోచనకు తీరిక కూడా దొరకలేదు.

గీతలు ఇచ్చిన రోజు అమృతకు కష్టంగా ఉండేది. నున్నటి వేళ్లలో పెన్ను నిలవదు, పుస్తకంలో పేజీ తిరగదు. బడిలో మధ్యాహ్నం నీళ్ల గ్లాసు జారి పడేది. వాళ్ల క్లాసు టీచరు సంగీత ఆ చప్పుడు వినగానే, "ఈ రోజు బియ్యమా? సరే, నువ్వు నోటితో చెప్పు, రాయొద్దులే," అనేది. అట్లా నోటితో చెప్పీ చెప్పీ ఆ పిల్లకు పాఠాలన్నీ కంఠతా వచ్చేశాయి. అయిదో తరగతిలో పరీక్ష రాసి, పెనుకొండ దగ్గర హాస్టల్ బడిలో సీటు తెచ్చుకుంది. పన్నెండో తరగతిదాకా అక్కడే తిండి, అక్కడే చదువు. ఆ సంగతి చెప్పినప్పుడు కుళ్ళాయమ్మ వేళ్లు నీళ్లలోనే ఉన్నాయి. తీయడం మరిచిపోయింది. మధ్యవేలు బొబ్బెక్కింది.

ఈ నడుమ బడిలో పిల్లలందరి వేలిముద్రలూ ఎక్కించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది; హాస్టల్ సీట్లు కూడా వాటినిబట్టే ఖాయమవుతాయన్నారు. అమ్మానాయనలు ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకమో వేలో కావాలన్నారు. కాగితాలు ఇళ్లకు పోయాయి. చాలా కాగితాలు అక్కడే ఉండిపోయాయి. కుళ్ళాయమ్మకు చదువు రాదు. కాగితాన్ని పసుపు డబ్బా కింద పెట్టి మరిచిపోయింది. గడువు రోజున బడిలో పదకొండు కాగితాలు తక్కువ పడ్డాయి. సంగీత టీచరు ముందురోజు జనాల లెక్క రాసింది, అంతకుముందు రోజు గుడ్ల లెక్క రాసింది. ఆమెకు కళ్లు మూతపడుతున్నాయి. కొత్త కాగితాలు పదకొండు తీసి, తన ఎడమచేతి బొటనవేలు పదకొండుసార్లు పెట్టేసింది.

మరునాడు మిషను తెచ్చిన రమేష్ పిల్లల్ని వరసగా కూర్చోబెట్టాడు. అమృత వేలు పెట్టింది. రమేష్ తెరవైపు చూసి తల గోక్కున్నాడు.

"మేడమ్, ఈ పాప పేరు కుళ్ళాయమ్మంట. వయసు ముప్పై ఎనిమిదంట."

తరగతి గొల్లుమంది. "కుళ్ళాయమ్మక్కా, గూళ్లు కిలో ఎంతక్కా?" అని వెనకనుంచి ఒకడు. అమృత నవ్వలేదు. పన్నెండో తరగతిదాకా ఉన్న ఆ సీటు ఇప్పుడు ఎవరి పేరుమీద ఉందో ఆ పిల్లకు అర్థమైపోయింది.

ఆ సాయంత్రం సంగీత టీచరు ఇంటింటికీ బయల్దేరింది. పది ఇళ్లు తిరిగి, కాళ్లు ఈడ్చుకుంటూ పదకొండో ఇంటికి వచ్చింది. కుళ్ళాయమ్మ అప్పుడే పనినుంచి వచ్చి గడపలో కూర్చుని ఉంది. చౌడక్క అరుగుమీద చింతపండు ఒలుస్తోంది.

"కుళ్ళాయమ్మా, ఒక తప్పు చేసినా. నీ వేలు నేను పెట్టినా."

"నా వేలా? నా వేలు నాకే లేదు గదా మేడమ్."

"నవ్వొద్దు మే. నువ్వు కాగితం పంపలేదు. నిన్ను అడగాల్సింది. అడిగేకి ఓపిక లేక నేనే పెట్టేసినా. ఇప్పుడు అడిగేకి వచ్చినా. చదువుతా, విను."

అంగీకార పత్రం పైనుంచి కిందిదాకా చదివింది టీచరు. చిన్న అక్షరాలను కూడా వదల్లేదు. కుళ్ళాయమ్మ జీవితంలో ఒక కాగితాన్ని ఎవరైనా పూర్తిగా చదివి వినిపించడం అదే మొదలు. మూడుచోట్ల ఆపించి మళ్లీ చదివించుకుంది.

"అంటే, నా పేరుమీద ఉండే గీతలు పాప పేరుకు పోతాయి."

"అవు."

"మళ్లీ బదులు తెచ్చుకునేకి కాదు."

"కాదు. మిషను పాప పేరే చెప్తాది. ఎప్పటికీ."

"ఎప్పటికీ అంటే ఎంతకాలం మేడమ్?"

"అది కాగితంలో రాయలేదు. నాకూ తెలీదు."

"నేను ఒప్పుకోకుంటే?"

"ఒప్పుకోలేదని రాసుకుని పోతా. దానికీ ఒక గడి ఉండాది, ఇదో. ఇన్ని కాగితాల్లో ఆ గడిలో ఎవురూ వేలు పెట్టగా నేను చూడలేదు. కానీ సీటు సంగతి నీకు అబద్ధం చెప్పను. శనివారం లోపల పాప పేరు ఎక్కకుంటే తర్వాతి పాపకు పోతాది."

"బియ్యం పోతే తింటావేమి మే?" అంది చౌడక్క, చింతపండు మీదనుంచి తల ఎత్తకుండానే. "సీటు తింటావా?"

కుళ్ళాయమ్మ బియ్యం డ్రమ్మువైపు చూసింది. తర్వాత గోడవారగా బోర్లించిన స్టీలు గ్లాసు చూసింది. ఎన్నిసార్లు జారి పడిందో, దాని అంచంతా సొట్టలే.

"పాపను అడుగుదాం," అంది.

అమృత తలుపు వెనకే ఉంది. ముందుకు వచ్చి, "వద్దమ్మా," అంది.

"ఏమి వద్దు?"

"గీతలు నీ పేరుమీదే ఉండనీ. నేను ఈడే హైస్కూలుకు పోతా."

"నీకు పెనుకొండ బడి ఇష్టంల్యా?"

అమృత కాలి బొటనవేలితో గడప గీకింది.

"అమ్మీ, ఈడ చూడు. నువ్వు చిన్నప్పుడు, నేను మొదటిసారి అడిగితే, నా వేలు పట్టుకుంటివి. అవునని పట్టుకుంటివా, ఊరికే పట్టుకుంటివా?"

"నాకెట్ల గుర్తుంటాదిమ్మా?"

"నాకు ఇంతవరకు తెలీదు. అందుకే ఇప్పుడు సరిగ్గా అడుగుతాండా. నీవి నీకు పూర్తిగా ఇచ్చేస్తా. తీసుకుంటావా?"

చౌడక్క చేతులు ఆగిపోయాయి. 

"బియ్యం?"

"బియ్యం సంగతి నాది. నేను అడిగిందానికి చెప్పు."

"తీసుకుంటా," అంది అమృత, మెల్లగా.

టీచరు సంచిలోంచి ఇంకు డబ్బా తీసింది. అప్పుడు గుర్తొచ్చింది ముగ్గురికీ. కాగితం మీద వేలు పెట్టాలంటే గీతలుండాలి. పాపవి ఇక పాపవేనని ఇప్పుడే మాటిచ్చేసింది. అమృత అలవాటుగా వేలు ముందుకు చాపింది. కుళ్ళాయమ్మ ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపింది.

"ఇంగ వద్దు. ఖాళీ వేలే పెడతా. చెల్లితే చెల్లుతాది, లేకుంటే లేదు."

ఒప్పుకున్నట్టున్న గడిలో నున్నటి బొటనవేలు ఆనించి నొక్కింది. తీస్తే కాగితం మీద నీలి మచ్చ, కోడిగుడ్డంత నున్నగా. కుళ్ళాయమ్మ వేలు తుడుచుకోబోయి ఆగింది. కాచిన పాలమీద మీగడ కట్టినట్టు, మచ్చ లోపలినుంచి ఒక్కొక్క గీతా పైకి తేలుతోంది. నడుమ ఒక సుడి. సుడికి అడ్డంగా, బేసిన్‌లో మొదటి ఏడు పడిన కాలిన మచ్చ.

చౌడక్క వంగి చూసింది. "ఇవి పాపవి కాదులే. పాపకు సుడి ఎడమకు తిరుగుతాది. ఇవి నీవే." మళ్లీ చింతపండు అందుకుంది.

"వేలు తుడుచుకో, చీరకు అంటుతాది," అంది సంగీత టీచరు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లేచింది.

కుళ్ళాయమ్మ వేలు తిప్పి చూసుకుంది. సన్నగా, కొత్తగా, రొట్టెమీద పడిన ముడతల్లా ఉన్నాయి గీతలు. వేడినీళ్లు తగిలితే ఒక్క వారం ఉండవని ఆమెకు తెలుసు. మరునాడు పనికి పోయి బేసిన్ ముందు నిలబడింది, కూర్చోలేదు.

"ఏమమ్మా, కూర్చో," అన్నాడు ఓనరు.

"నీళ్లలో చెయ్యి పెట్టను."

"ఏమంటివి?"

"పెట్టను. గూళ్లు ఏరే పనుంటే ఇయ్యి. లేకుంటే పోతా."

ఓనరు ఆమెను ఎగాదిగా చూశాడు. పద్నాలుగేళ్లలో ఆమె నోట ఆ మాట రావడం ఆయన వినలేదు, ఆమే వినలేదు. చెడిపోయిన గూళ్లు ఏరి పక్కన పెట్టే పని ఇచ్చాడు. దానికి కూలి తక్కువ.

శనివారానికి అమృత పేరు ఎక్కింది. జూన్‌లో ఇనప పెట్టెతో పెనుకొండ బస్సెక్కింది. ఆ నెల స్టోరులో కుళ్ళాయమ్మ వేలు పెడితే జయరాముడు తల అడ్డంగా ఊపాడు. "నువ్వెవురో మిషనుకు తెలీదంటమ్మా. పెనుకొండ ఆఫీసుకు పోయి నీ వేలు కొత్తగా ఎక్కించుకో." ఒక నెల చౌడక్క ఇంటి బియ్యం, ఇంకో నెల నూకల సంగటి. పెనుకొండకు రెండుసార్లు పోయింది. మొదటిసారి క్యూ తలుపు దాకా పోయేసరికి పొద్దుపోయింది. రెండోసారి ఎండలో నాలుగు గంటలు నిలబడితే, అద్దం ఆమె వేలిని పట్టుకుంది.

అక్కడినుంచి హాస్టలుకు నడిచింది.  వేపచెట్టు కింద బండమీద కూలబడింది. అమృత పరుగెత్తుకుంటూ లోపలికి పోయి, అంచుదాకా నింపిన స్టీలు గ్లాసు రెండు వేళ్లతో పట్టుకుని, రాళ్లమీద నడుచుకుంటూ వచ్చింది. ఒక్క చుక్క తొణకలేదు. కుళ్ళాయమ్మ నీళ్లు తాగే ముందు ఆ వేళ్లను చాలాసేపు చూసింది.

తర్వాతి నెల స్టోరులో జయరాముడు అలవాటుగా, "పాప ఇచ్చిందా?" అన్నాడు.

"ఇది నాదేనప్పా," అంది కుళ్ళాయమ్మ.

మిషను మీద పచ్చదీపం వెలిగింది. జయరాముడు బియ్యం తూచి పోశాడు. ఆమె సంచి నెత్తిన పెట్టుకుని ఇంటికి పోయింది.

అంతే పిల్లలూ. లేవండి. వేళ్లు తర్వాత చూసుకుందురుగానీ, మీ ఇళ్లలో అన్నం వడ్డించి ఎదురుచూస్తుంటారు. పోండి, పోయి తినండి. చేతులు కడుక్కోండి, కానీ మరీ రుద్ది రుద్ది కడక్కండి.