సాస్ విడిగా

"ఫోటో తియ్యి," అన్నాడు లక్ష్మీపతి.

శశికాంత్ ఫోన్ ఎత్తి బాస్ ముందున్న ప్లేటును ఫోటో తీశాడు. ఆవిరి మీద ఉడికించిన బ్రకోలీ, క్యారెట్, టోఫు ముక్కలు, గుప్పెడు బ్రౌన్ రైస్. సాస్ చిన్న కప్పులో విడిగా. ఫోటో వాట్సాప్‌లో రష్మి మేడమ్‌కి వెళ్లింది. వెంటనే టిక్కులు నీలంగా మారాయి.

"జైలర్ చూసేసింది. ఇక జనరల్ సోస్ చికెన్ చెప్పు. నీకు."

లక్ష్మీపతికి గుండెలో స్టెంట్ పడి మూడు నెలలైంది. వేపుళ్లు, తీపి సాసులు, ఫ్రైడ్ రైస్ ముట్టుకోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. అయినా అమెరికాలో, ఇర్వింగ్‌లోని ఈ చైనీస్ రెస్టారెంట్ ఆయన మానలేదు. ఆయన ఐటీ కన్సల్టెన్సీలో పేరోల్, వీసా కాగితాలు చూసేది భార్య రష్మి. ప్రాజెక్ట్ పోయి కంపెనీ గెస్ట్‌హౌస్‌లో పడున్న శశికాంత్‌ని ఆమే ఆయనకు డ్రైవర్‌గా, కాపలాగా పెట్టింది. ఇంకో మూడు నెలల్లో అతని వీసా అయిపోతుంది. ఎక్స్‌టెన్షన్ మీద లక్ష్మీపతి సంతకం పడకపోతే దేశం వదలాలి. ఇండియా నుంచి వచ్చి మూడేళ్లే అయింది.

వేయించి తీపి సాస్‌లో ముంచిన చికెన్ వచ్చింది. ఎర్రగా, జిగురుగా, పైన నువ్వులు.

"ముక్క నోట్లో పెట్టుకో. మింగకు. ముందు చెప్పు, ఎలా ఉంది?"

"కరకరలాడుతోంది సర్."

"అప్పడం కూడా కరకరలాడుతుంది. సరిగ్గా చెప్పు."

"పైన తీపి. లోపల కారం. కొరికితే వేడి రసం వస్తోంది సర్."

లక్ష్మీపతి కళ్లు మూసుకుని బ్రకోలీ నమిలాడు. అది ఆయన కనిపెట్టిన పద్ధతి. తాను తినలేనిది ఇంకొకడి చేత తినిపించి, వాడి నోటితో వినడం. శశికాంత్ చాలంటే ఆయన ఒప్పుకోడు. ప్లేటు ఖాళీ కావాలి. దాని తర్వాత ఎగ్ రోల్స్. తర్వాత లోమెయిన్ నూడుల్స్. వారంలో నాలుగు మధ్యాహ్నాలు అదే వరస.

గుడిలో పెట్టిన హెల్త్ క్యాంప్‌లో శశికాంత్ వేలు గుచ్చారు. మీటర్ చూసిన డాక్టరమ్మ ఇంకోసారి గుచ్చింది.

మర్నాడు రెస్టారెంట్‌లో చెప్పాడు. "సర్, నాకు షుగర్ వచ్చింది. ఇక ఇవి తినలేను."

"ఇరవై తొమ్మిదేళ్లకే?" లక్ష్మీపతి పళ్ల సందులోంచి క్యారెట్ పీచు తీసుకున్నాడు. "నాకు స్టెంట్ పడింది. నేనేమన్నా ఏడ్చానా? తినవయ్యా. నా సంతకం తిన్నవాడికే."

"కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయి సర్."

"తిమ్మిరి కాలికి కదా. నాలుక బాగానే ఉందిగా."

పక్క టేబుల్ వాళ్లు తలలు తిప్పి చూశారు. శశికాంత్ తల వంచుకుని ఒక ముక్క తీసుకున్నాడు. ఆయన ముఖానికి దగ్గరగా పట్టుకున్నాడు.

"గుంటూరులో బజ్జీల బండి దగ్గర నిలబడ్డట్టుంది సర్," అన్నాడు మెల్లగా. "మూకుట్లోంచి అప్పుడే తీసిన బజ్జీని బెల్లం పాకంలో వేశారనుకోండి. పైన పెంకు ఇంకా గట్టిగానే ఉంది. చూడండి, సాస్ కారుతోంది. చల్లారితే ఈ రుచి ఉండదు."

లక్ష్మీపతి తన ఫోర్కు ముందుకు చాచాడు.

"ఒక్కటే," అన్నాడు.

ఒక్కటి కాలేదు. ఆయన ప్లేటంతా తిన్నాడు. శశికాంత్ ఉడికిన కూరలు తన ముందుకు లాక్కున్నాడు.

ఆ రోజు నుంచి ప్లేట్లు మారాయి. ఫోటో మాత్రం మారలేదు. శశికాంత్ కాళ్ల తిమ్మిరి తగ్గింది. లక్ష్మీపతికి ఆఫీసు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది.

ఒక ఉదయం రష్మి అతన్ని తన గదిలోకి పిలిచింది.

"కార్డియాలజిస్ట్ ఫోన్ చేశారు. కొలెస్ట్రాల్ స్టెంట్‌కి ముందున్నదానికంటే పెరిగిందట. ఫోటోల్లో రోజూ బ్రకోలీ. అది ఎవరు తింటున్నారు శశీ?"

"నేనే మేడమ్."

"తెలుసు. నువ్వే అలవాటు చేశావని ఆయన రాత్రి చెప్పారు. నీకు టికెట్ కొని ఇండియా పంపించెయ్యమన్నారు."

"మేడమ్, నా చేత బలవంతంగా..."

"ఆగు." ఆమె లేచి తలుపు వేసింది. "పోయిన దీపావళి పార్టీలో అందరి ముందు నా చేతిలో ప్లేటు లాక్కుని, 'ఈ దున్నకి ఇంక పెట్టకండి' అన్నారు. గుర్తుందా?"

"ఉంది మేడమ్."

"నువ్వూ నవ్వావు."

ఆమె తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"స్టెంట్ వేసిన వారమే కంపెనీ నా పేరు మీదికి మార్చాం. సంతకం నేను కూడా పెట్టగలను. నీ ఎక్స్‌టెన్షన్ మూడేళ్లకి ఫైల్ చేస్తాను." ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది. "లంచ్‌కి నువ్వే తీసుకెళ్లు. ఫోటోలు ఆపకు. రేపు ఎవరైనా అడిగితే నేనెంత జాగ్రత్తగా చూసుకున్నానో కనబడాలి. అర్థమైందా?"

అర్థమైంది. ఆలోచించుకోవడానికి సమయం అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం లక్ష్మీపతి కుర్చీలో కూలబడ్డాడు. నుదుటి మీద చెమట. శశికాంత్ ఇంకా ఎందుకున్నాడని అడిగే ఓపిక కూడా లేదు.

"నిన్న డాక్టర్ భయపెట్టేశాడు శశీ." పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "ఇవాళ నిజంగానే కూరలు తింటాను. నువ్వు కూడా అవే తిను. ఆ వేపుడు నా కంటపడనీయకు. నీకు దణ్ణం పెడతాను."

"అలాగే సర్."

కూరలు వచ్చాయి. శశికాంత్ ఫోటో తీసి పంపాడు. తర్వాత వెయిట్రెస్‌ని పిలిచి జనరల్ సోస్ చికెన్ చెప్పాడు.

"ఎవరికి?" అన్నాడు లక్ష్మీపతి.

"నాకే సర్."

ప్లేటు పొగలు కక్కుతూ వచ్చింది. శశికాంత్ ఒక ముక్క కొరికాడు. ఆ చప్పుడు ఆయనకు వినిపించేలా కొరికాడు. మెల్లగా నమిలాడు.

"చెప్పొద్దు," అన్నాడు లక్ష్మీపతి.

"చెప్పను సర్."

బ్రకోలీ ముక్క ఆయన ఫోర్కు మీదే ఉండిపోయింది. చూపు అవతలి ప్లేటు మీద ఉంది.

"ఇవాళ అల్లం ఎక్కువేశాడా?" చివరికి ఆయనే అడిగాడు.

శశికాంత్ చికెన్ ప్లేటు ఆయన వైపు జరిపి, కూరల ప్లేటు తన వైపు లాక్కున్నాడు. ఫోన్ మోగింది. మేడమ్ నుంచి బొటనవేలు గుర్తు.

అతను బ్రకోలీని విడిగా ఉన్న సాస్‌లో కొద్దిగా మాత్రమే అద్దుకున్నాడు. అందులో ఉప్పు, పంచదార రెండూ ఎక్కువని క్యాంప్‌లో డాక్టరమ్మ చెప్పింది.