మా ఆవిడ మాట

తుపాకులు పేల్చే చోట నేలని పొడి చీపురుతో ఊడవకూడదు. సీసం పొడి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డే వెయ్యాలి. పదహారేళ్ళుగా ఆ తడిగుడ్డ వేస్తున్నది నేను. మా తుపాకుల దుకాణం బోర్డు మీద పేరు మాత్రం మా ఆయన వెండెల్‌ది.

వెండెల్ పిస్తోళ్ళని పరీక్షించి పత్రికకి రాస్తాడు. ఇంటి రక్షణకి ఏది నమ్మదగ్గది, గురి సాధనకి ఏది కుదురైనది అని నెలకొకటి తేలుస్తాడు. ఓక్లహోమాలో మా వైపు చాలామంది ఆ పేజీ చూడనిదే తుపాకీ కొనరు. తేల్చేది నేను. నాలుగేళ్ళుగా ఆయనకి చూపు ఆనడం లేదు, చచ్చినా ఒప్పుకోడు. ఐదు వందల తూటాలు బొటనవేలు వాచేలా మ్యాగజైను డబ్బీల్లోకి నొక్కేది నేను, పేల్చేది నేను, తూటా ఎన్నిసార్లు ఇరుక్కుపోయిందో పుస్తకంలో గీతలు పెట్టేది నేను, కాగితం మీద చిల్లుల మధ్య దూరం కొలిచేది నేను. ఫోటోలో ఆ చిల్లుల పక్కన కనిపించే వేలు మాత్రం ఆయనది. సొమ్మొకడిది, సోకొకడిది. ఓసారి మా అత్తగారి దగ్గర ఈ మాట ఎత్తితే, "ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు కదుటే, ఇంకా నీ పేరెందుకు?" అంది. మొక్కజొన్న రొట్టె మాడిపోతోందని వంటింట్లోకి లేచి వెళ్ళాను.

నాకూ ఒక చోటు ఇచ్చాడు లెండి. ప్రతి వ్యాసం చివరా చిన్న గడి ఉంటుంది. 'మా ఆవిడ మాట' అని దాని పేరు. పదకొండేళ్ళ కిందటి నా ఫోటో, లిప్‌స్టిక్ వేసుకుని నవ్వుతున్నది, దాని కింద మూడు వాక్యాలు. ఆ వాక్యాలు కూడా ఆయనవే. నన్ను అడగడు, నేను గిన్నెలు కడుగుతుంటే టేబుల్ దగ్గర కూర్చుని రాసేస్తాడు. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకు ముచ్చటేసింది. చర్చిలో ఆడవాళ్ళు ఆ కాగితం చేత్తో పట్టుకుని నన్ను పలకరించేవాళ్ళు.

పోయిన ఏడాది ఒక కంపెనీ వాళ్ళు అరచేతిలో ఇమిడిపోయే చిన్న పిస్తోలు పంపారు. పిస్తోలు పైభాగాన్ని స్లైడు అంటాం. దాన్ని వెనక్కి లాగి వదిలితేనే మొదటి తూటా లోపలికెక్కుతుంది. చిన్న తుపాకీ కదా, ఆడవాళ్ళకి సులువు అనుకుంటారు అందరూ. చిన్నదాంట్లో చాలాసార్లు స్ప్రింగు ఇంకా గట్టిగా ఉంటుంది, పట్టుకోవడానికి చోటూ ఉండదు. దాని స్లైడు నాకు మూడోసారికి గానీ రాలేదు. వెండెల్‌తో చెప్పాను. "ఆడవాళ్ళకి చిన్నదే నచ్చుతుందే. నీ వేళ్ళకి బలం లేకపోతే దాని తప్పా?" అన్నాడు. గడిలో ఏం రాశాడంటే: 'చూడగానే మనసు పారేసుకున్నాను. సుతారమైన చేతులతో కూడా ఇట్టే లాగొచ్చు.' చదివాను. చదివి పొయ్యి మీద గ్రేవీ కలుపుకున్నాను.

అది అచ్చయిన పది రోజులకి ఓపల్ గారు వచ్చారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. భర్త పోయాక ఊరి బయట ఒంటరిగా ఉంటున్నారు. ఆ గడిని కత్తిరించి చేతిసంచిలో పెట్టుకుని మరీ వచ్చారు. "ఇదేగా అమ్మాయ్ నువ్వు మెచ్చుకున్నది?" అని నన్నే అడిగారు. "అదే, మా ఆవిడకి ప్రాణం" అన్నాడు వెండెల్ నా వెనక నుంచి. నేను తల ఊపాను. ఆవిడ స్లైడు లాగి చూశారు, రాలేదు. వెండెల్ అందుకుని టక్కున లాగి చూపించి, వాడగా వాడగా వదులవుతుందన్నాడు. ఓపల్ గారు నా వైపు చూశారు. మళ్ళీ ఊపాను.

ఈ మార్చిలో ఆవిడ మళ్ళీ వచ్చారు, కుడి మణికట్టుకి కట్టుతో. పోయినాయన వాడిన, మత్తెక్కించే నొప్పి మాత్రల కోసం ఎవడో పట్టపగలు పెరటి తలుపు విరగ్గొట్టుకుని వచ్చాడట. ఆవిడ సొరుగులోంచి ఆ పిస్తోలే తీసి స్లైడు లాగబోయారు. రాలేదు. మళ్ళీ లాగారు. వాడు గుమ్మంలో నిలబడి అంతా చూసి, దగ్గరికొచ్చి చెయ్యి మెలితిప్పి దాన్ని లాక్కుని పోయాడు. దెబ్బలాటకి వచ్చారేమో అనుకున్నాను. కాదు.

"వాడు నవ్వాడమ్మా," అన్నారు. "నువ్వు సులువని రాశావు. నా చేతులకే చేవ చచ్చింది. నీ మాట పోగొట్టాను, ఏమనుకోకు."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. వెండెల్ పెద్దగొంతుతో ఆవిడకి ఇంకో తుపాకీ గురించి చెబుతున్నాడు. చెయ్యి బాగయ్యాక చూద్దామని ఆవిడ వెళ్ళిపోయారు. వెనకాలే పరిగెత్తి నిజం చెప్పొచ్చు. కారు దగ్గర ఒంటి చేత్తో తలుపు తీసుకోవడానికి ఆవిడ తంటాలు పడుతుంటే కిటికీ అద్దంలోంచి చూశాను. అప్పుడూ కదల్లేదు.

తర్వాత వారం వెండెల్ తమ్ముడితో టర్కీ కోళ్ళ వేటకి వెళుతూ, వ్యాసం టైపు చేసి పత్రికకి పంపమన్నాడు. అదీ నా పనే. గడి దగ్గరికి వచ్చేసరికి ఆయన వాక్యాలు టైపు చెయ్యలేకపోయాను. నావి రాశాను. ఆ కాగితం పట్టుకుని ముందు ఓపల్ గారింటికి వెళ్ళాను. తలుపుకి కొత్త చెక్క కొట్టి ఉంది. వంటింట్లో చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. కూర్చోమన్నా కూర్చోకుండా చదివాను.

'నా పేరు డార్లా. పదకొండేళ్ళుగా ఈ గడిలో వచ్చిన మాటల్లో ఒక్కటీ నాది కాదు. పోయిన ఏడాది మెచ్చుకున్న ఆ చిన్న పిస్తోలు స్లైడు నాకూ మూడోసారికి గానీ రాలేదు. లాగలేకపోయిన చేతుల తప్పేం లేదు.'

ఓపల్ గారు తన చేతుల వంక చూసుకున్నారు. కట్టులోంచి బయటికున్న వేళ్ళని రెండో చేత్తో నిమురుకున్నారు. సంతోషిస్తారనుకున్నాను. క్షమిస్తారనుకున్నాను. అంతకోసమే వచ్చానని అప్పుడు తెలిసింది.

"రాసింది మీ ఆయన, సరే," అన్నారు నెమ్మదిగా. "మరి ఆ రోజు తల ఊపింది ఎవరమ్మా?"

గింజలు అడుగంటుతున్న వాసన వేస్తే ఆవిడే లేచి పొయ్యి తగ్గించారు. నేను వచ్చేశాను. ఇంటికొచ్చి, పంపే ముందు గడి చివర ఇంకో వాక్యం చేర్చాను.

'ఇదంతా తెలిసే, కొనడానికి వచ్చిన మనిషి కళ్ళలోకి చూసి రెండుసార్లు తల ఊపాను; అది మాత్రం నాదే.'