దారం లేని మిషను

విమానాశ్రయంలో చక్రాల కుర్చీ ఇచ్చినప్పుడు కాజాలమ్మ లోలోపల మురిసిపోయింది. సూటూ బూటూ వేసుకుని వరసలో నిలబడ్డవాళ్ళందరినీ దాటించి, కుర్చీలో ఉన్న భర్తనీ, కుర్చీ పక్కనున్న తననీ నేరుగా ముందుకి పంపించేశారు. పుట్టి బుద్ధెరిగాక ఏ వరసలోనూ ఆవిడకి అంత ముందు చోటు దొరకలేదు. ఆ మాటే భర్త చెవిలో వేసింది. ఆయన మాత్రం ఒళ్ళో పెట్టుకున్న చేతుల వంక చూస్తూ కూర్చున్నాడు. కుర్చీ తోసేవాడికి ఉన్న ఉత్సాహం కూడా కుర్చీలో ఉన్నాయనకి లేదు.

ఆయన టైలరు. ప్యాంటు ఎప్పుడిస్తావంటే రేపు, పిల్లల యూనిఫారాలు ఎప్పుడంటే రేపు, పెళ్ళికొడుకు తండ్రి వచ్చి కోటు గురించి ఒంటికాలి మీద లేచినా అదే జవాబు. అందుకని వీధి వీధంతా ఆయన్ని రేపయ్య అనేది. ఆయన మిషను పక్కన చిన్న స్టూలు మీద కూర్చుని కాజాలు కుట్టి గుండీలు వేసేది కాబట్టి భార్య కాజాలమ్మ అయింది. వాళ్ళ అసలు పేర్లు ఎవరైనా పిలిస్తే ఇద్దరూ వెనక్కి తిరిగి ఎవరినబ్బా అని చూసే పరిస్థితి.

కొన్నేళ్ళ కింద ఆయన కుడిచేతి బొటనవేలు వణకడం మొదలైంది. డాక్టరు దానికి పార్కిన్సన్ అని పేరు చెప్పాడు. మందులు రాశాడు, ఒంటిని కదిలిస్తూ ఉండమన్నాడు. ఇంట్లోవాళ్ళు మందుల మాట చెవులు రిక్కించి విన్నారు, రెండో మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశారు. కదిలితే పడతాడేమోనని వాళ్ళ భయం. ఆ భయానికి కారణం లేకపోలేదు. బాగానే నడుస్తున్న మనిషి గుమ్మం దగ్గరికి రాగానే పాదాలు నేలకి అతుక్కుపోయి నిలబడిపోయేవాడు. వెనక నుంచి తోస్తే బోర్లా పడేవాడు, తోయకపోతే అక్కడే ఉండేవాడు. కుట్టు వంకర పోతోందని ఖాతాదారులు ఒక్కొక్కరే మానేశారు. వాళ్ళతోపాటు ఆయన నోట్లోంచి ఆ పాత మాట కూడా పోయింది. ఏం తింటారని అడిగినా, ఎప్పుడు లేస్తారని అడిగినా చూద్దాం అనేవాడు. ఒకప్పుడు ఆయన రేపు అన్నప్పుడల్లా పళ్ళు నూరుకున్న కాజాలమ్మకి ఈ చూద్దాం వినలేక కడుపు తరుక్కుపోయేది.

అది చాలదన్నట్టు ఇంకొకటి మొదలైంది. పొద్దున్నే టకటకమని మిషను చప్పుడు వినిపించి ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూస్తే, ఆయన తొక్కుతున్నాడు. మిషను మీద బట్ట లేదు, సూదిలో దారం లేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరికే తొక్కుతున్నాడు. దారం ఎక్కించలేదని చెబితే తెలుసన్నాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఆవిడ నెమ్మదిగా ఒక నిర్ణయానికి వచ్చింది. కాళ్ళూ చేతులూ అయ్యాయి, ఇప్పుడు మతి కూడా పోతోంది. ఒకరోజు కూతురి దగ్గర గొల్లుమంది.

కూతురు చురుకైన మనిషి. ఏడుపు వింటూనే ఏర్పాట్లు మొదలుపెట్టేసింది. మిషను తీసేసి, ఆ కిటికీ పక్కన, పడిపోకుండా కటకటాలున్న మంచం వేయించాలి. తండ్రి కళ్ళముందు తీస్తే ఆయన తట్టుకోలేడు కనుక, ఆ వారం ఇద్దరినీ ఎక్కడికైనా పంపాలి. ఆఫీసులో ఎవరో విదేశంలో ఒక సముద్రపు ఊరి గురించి చెప్పారు. అక్కడ ఎవరూ ఏ పనీ చెయ్యరట, ఇసకలో పడుకోవడమే పనట. నాన్నకి అంతకంటే ఏం కావాలంది. కాజాలమ్మ సరేనంది. తిరిగొచ్చాక ఆయనకి ఏం చెప్పాలో తిరిగొచ్చాకే ఆలోచించుకోవచ్చనుకుంది.

ఊరు నిజంగానే అలా ఉంది. ఒడ్డు పొడుగునా కర్ర కుర్చీలు, ఆ కుర్చీల నిండా నూనె రాసుకుని పడుకున్న మనుషులు. మధ్యాహ్నానికి వాళ్ళు ఒకవైపు నుంచి రెండోవైపుకి తిరిగితే అదే ఆ ఊళ్ళో జరిగిన పెద్ద మార్పు. హోటల్లోనూ ఎక్కడ చూసినా కుర్చీలే. రేపయ్య మెల్లగా గదిలోంచి బయటికి రాబోయి గుమ్మంలో ఆగిపోతే చాలు, ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి వెనకాల కుర్చీ వేసేవారు. పాపం, వాళ్ళది మంచితనమే. కానీ మూడు రోజులు తిరిగేసరికి, ఇంటిదగ్గర గుమ్మాల్లో మాత్రమే ఆగే మనిషి చదునైన వరండాలో కూడా ఆగిపోసాగాడు. మార్పు కోసం వస్తే ఇదేం మార్పని కాజాలమ్మకి గుండెల్లో రాయి పడింది.

నాలుగో రోజు పొద్దున, కుర్చీ వద్దని ఆయన మొండికేస్తే, చెయ్యి పట్టుకుని సముద్రం పక్క రోడ్డు మీదికి తీసుకొచ్చింది. రోడ్డు అంచున నీలం గుడారం కింద అద్దె సైకిళ్ళున్నాయి. వెడల్పాటి టోపీ పెట్టుకున్న ఒకావిడ వాటి గొలుసులకి నూనె వేస్తోంది. సరిగ్గా ఆ సైకిళ్ళ ముందుకి వచ్చేసరికి రేపయ్య కాళ్ళు మొరాయించాయి. పడకుండా దగ్గరున్న సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు. అది స్టాండు మీద ఉంది. ఆయన ఎడంపాదం ఎలాగో లేచి పెడలు మీదికి చేరింది, ఒక్క తొక్కు తొక్కింది. వెనకచక్రం గిర్రున తిరిగింది. నేలమీద అంగుళం జరగని పాదం పెడలు మీద తిరుగుతోంది.

"ఎక్కుతాను," అన్నాడాయన.

కాజాలమ్మ ససేమిరా అంది. నడవలేక ఆగిపోయిన మనిషికి ఆటలు కావాలా అని నెత్తి కొట్టుకుంది. ఒకప్పుడు యూనిఫారాల మూటలు సైకిలు వెనక కట్టుకుని ఊరంతా తిరిగాడని ఆవిడకి తెలియక కాదు, ఇప్పుడు మంచినీళ్ళ గ్లాసు కూడా ఒలకకుండా పట్టుకోలేడని తెలిసి. సాయానికి హోటల్ వాళ్ళని పిలుచుకొద్దామని నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూస్తే, ఆయన సీటు మీద ఉన్నాడు. టోపీ ఆవిడ సీటు పట్టుకుని నెడుతోంది. తర్వాత వదిలేసింది.

ఆయన వెళ్ళిపోయాడు. వంకర లేదు, వణుకు లేదు. కొత్త గుడ్డ మీద మొదటి కుట్టు పడినట్టు తిన్నగా రోడ్డెంట వెళ్ళాడు. రోడ్డు చివర పూలమొక్కల చుట్టూ గుండ్రంగా తిరిగే చోటు ఉంది. అక్కడ తిరిగి మళ్ళీ ఇటు వచ్చాడు. ఆయన మొహంలో ఆ వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో! కాజాలమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ తిరిగిన నీళ్ళు జారకముందే ఆయన దూసుకుంటూ ఆవిణ్ణి దాటిపోతూ, "ఆపడం రావట్లేదోయ్," అన్నాడు.

పెడలు మీది కాలు నేలమీద పెట్టాలంటే మళ్ళీ నేలతోనే కదా వ్యవహారం. కాలు దిగనంటోంది, చెయ్యి బ్రేకు నొక్కనంటోంది. ఆయన పోతున్నాడు, తిరుగుతున్నాడు, వస్తున్నాడు. కాజాలమ్మ చెప్పులు చేతబట్టుకుని పరుగందుకుంది. ముప్పై ఏళ్ళు స్టూలు మీద కూర్చుని కాజాలు కుట్టిన మనిషి, బస్సు పోతున్నా పరిగెత్తని మనిషి, విదేశంలో నడిరోడ్డు మీద పరిగెత్తింది. కుర్చీల్లో వాళ్ళు లేచి కూర్చున్నారు. ఆ ఊరికి అంత సందడి ఎప్పుడూ తగిలి ఉండదు. పూలమొక్కల దగ్గర వెనక నుంచి సీటు దొరకబుచ్చుకుంది. సైకిలు ఆగింది, ఆయన ఆవిడ భుజం మీదికి ఒరిగాడు. ఇద్దరూ రొప్పుతూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు.

అసలు వింత ఆ తర్వాత. అక్కణ్ణుంచి ఆయన హోటలుకి నడిచాడు. వరండా దాటాడు, గది గుమ్మం ఆగకుండా దాటాడు, వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. కుర్చీ తెచ్చినవాడు కుర్చీతోపాటు బయట నిలబడిపోయాడు.

కాజాలమ్మ గుమ్మాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. ఎక్కడో చూసినట్టే ఉంది ఇది. ఇంటిదగ్గర, పొద్దున ఆ ఉత్త మిషను తొక్కిన తర్వాతే ఆయన తనంతట తాను వంటింటి గుమ్మం దాటి కాఫీకి వచ్చేవాడు. మధ్యాహ్నానికి మళ్ళీ మామూలే. రోజూ కళ్ళతో చూస్తూనే ఉంది, ఒక్కనాడైనా ఇదీ అదీ కలిపి చూసుకోలేదు. కాజా కుట్టేటప్పుడు గుండీ ఎక్కడ పడుతుందో చూసుకోకపోతే ఎలా?

"ఇంటిదగ్గర దారం లేకుండా ఎందుకు తొక్కేవారు?" అని అడిగింది.

"ఏమో. కాళ్ళు అడిగేవి."

"ఆ మాట నాకు చెప్పచ్చుగా."

"చెబితే నవ్వుతావనుకున్నా."

నవ్వలేదు, అంతకంటే పాడుపని చేసింది, మతి పోయిందనుకుంది. ఆయన కునుకు తీసేదాకా ఆగి, వరండాలోకి వచ్చి కూతురికి ఫోను చేసింది. కటకటాల మంచం వచ్చేసిందనీ, గది చాలా బాగుందనీ కూతురు చెప్పుకుపోతోంది. మిషను మర్నాడు సాయంత్రం పట్టుకెళతారట. ఎవరో కాఫీ హోటలు పెడుతూ, పాత మిషన్ల ఇనప కాళ్ళ మీద అద్దాలు బిగించి బల్లలు చేయిస్తున్నారట. పైభాగం వాళ్ళకి అక్కర్లేదట, పాత ఇనుముకి వేస్తారట. కాజాలమ్మ ఇవ్వొద్దంది. కూతురు విసుక్కుంది, మాటిచ్చేశానంది, ఇదంతా ఎవరి కోసం చేస్తున్నాననుకున్నావంది. చివరికి, అసలు మతి పోయిందని ఏడ్చింది నువ్వే కదమ్మా అని నిలదీసింది.

"నేనే అన్నాను. తప్పన్నాను. మిషను గుమ్మం దాటితే నేను ఇంటికి రాను," అంది కాజాలమ్మ. కూతురు దిగొచ్చి, సరేనంది. కూతురు చెడ్డది కాదు, తల్లి ఏడుపు చూడలేకపోయింది, అంతే.

గండం గడిచింది. ఇక ఆయనకి చెప్పకపోతే పీడా పోయె. మిషను కిటికీ దగ్గరే ఉంటుంది, మంచం వెనక్కి వెళ్ళిపోతుంది, విషయం తల్లీకూతుళ్ళ పెదవి దాటదు. కాజాలమ్మ ఆ సాయంత్రమంతా అలాగే అనుకుంది. కానీ అన్నం తింటున్నంతసేపూ ఆయన పిల్లాడిలా సైకిలు కబుర్లు చెబుతుంటే ఆవిడకి ముద్ద దిగలేదు. పక్కపక్కన కూర్చుని బతికిన మనిషిని అడగకుండానే పిచ్చివాణ్ణి చేసేసింది. అది కడుపులో పెట్టుకుని రేపటినుంచి ఆ పక్కనే ఎలా కూర్చోవడం?

మర్నాడు పొద్దున ఆయన సైకిలెక్కి తిరుగుతున్నాడు. ఆవిడ పూలమొక్కల దగ్గర కాపలా ఉంది. మొదటి చుట్టు దాటుతుండగా, గుండె చిక్కబట్టుకుని, పక్కనే నాలుగడుగులు పరిగెడుతూ చెప్పేసింది. మిషను ఇచ్చేద్దామనుకున్నామనీ, ఈ ప్రయాణం అందుకేననీ. ఆయన వినీ విననట్టు దాటిపోయాడు. ఆగి కోప్పడటానికి ఆయనకి ఆగడం రాదాయె. మాట అందిపుచ్చుకుని రోడ్డు ఆ చివరికి వెళ్ళి, అంత దూరం మోసుకుని తిరిగొచ్చాడు.

"ఎవడికి?" అన్నాడు దాటుతూ.

"కాఫీ హోటలుకి. బల్లలు చేస్తారట. ఆపేశాను, ఇవ్వట్లేదు."

మళ్ళీ వెళ్ళాడు. ఈసారి నెమ్మదిగా తొక్కుతున్నాడు. ఆవిడకి ఆ వీపు తప్ప ఏమీ కనబడటం లేదు. తిరిగొచ్చినప్పుడు మొహం చూస్తే కోపం కంటే పెద్దదేదో ఉంది.

"నాకు పిచ్చెక్కిందనుకున్నావా?"

కాదని ఒక్క మాట అంటే పోయేది. "అనుకున్నాను," అంది కాజాలమ్మ.

ఆయన తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ చుట్టు చాలా సేపు పట్టింది. రోడ్డు చివర ఆయన చిన్నగా, ఇంకా చిన్నగా కనబడి, ఒక చోట తిరిగాడు. తిరిగి, పూలమొక్కల పక్కకి కాకుండా తిన్నగా ఆవిడ మీదికే వస్తున్నాడు. నిన్న వెనక నుంచి పట్టుకుంది గానీ ఎదురుగా నిలబడలేదు. బ్రేకు వేస్తాడో వెయ్యడో, వేద్దామన్నా ఆ చెయ్యి మాట వింటుందో వినదో. టోపీ ఆవిడ ఏదో కేక వేస్తోంది. కాజాలమ్మ కదల్లేదు. రెండు చేతులూ చాచి నిలబడింది. గుద్దితే గుద్దనీ అనుకుంది, అంత మాత్రం బాకీ ఉన్నాననుకుంది.

బ్రేకు కీచుమంది, ముందుచక్రం ఆవిడ కాలి బొటనవేలి దగ్గర ఆగింది. ఆవిడ హ్యాండిలు గట్టిగా పట్టుకుంది. ఆయన కుడికాలు పెడలు మీదే తటపటాయించి, తటపటాయించి, నేల మీద ఆనింది.

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత, "బెల్టు వదులైపోయింది మిషనుకి," అన్నాడు. "కొత్తది వెయ్యాలి. ఉత్తగా తొక్కినా గట్టిగా ఉండాలి కదా."

"వేద్దామండి," అంది కాజాలమ్మ. కళ్ళు తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేవు, హ్యాండిలు వదిలితే ఆయన పడతాడు.

టోపీ ఆవిడ ఈలోపు దగ్గరికి వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదని చూసుకుని, సైకిలు వైపు చూపించి, ఇక చాలా, మళ్ళీ కావాలా అన్నట్టు చేత్తో అడిగింది. వాళ్ళ భాష వీళ్ళకి రాదు, వీళ్ళది ఆవిడకి రాదు.

రేపయ్య వీపు నిటారుగా పెట్టి, కొట్లో కూర్చుని ఖాతాదారుకి చెప్పినంత ధీమాగా, "రేపు," అన్నాడు.

ఆ మాట విని ఎన్నాళ్ళయిందో కాజాలమ్మ లెక్కపెట్టలేదు. మర్నాడు తెల్లవారుతూనే లేచి, పరుగుకి వీలుగా ఉండే చెప్పులు వెతుక్కుంది.