టీచరమ్మ మే పువ్వు

నూకరాజు మూడో చెంబు నీళ్లు పోసి, గొంతుక్కూర్చుని, మొగ్గ ముఖంలోకి చూశాడు. నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. జానెడు కాడ, దాని కొసన ఆకుపచ్చ పిడికిలి. పిడికిలి సందులోంచి ఎర్రదనం సన్నగా కనిపిస్తోంది, ఎవరొచ్చారా అని తలుపు ఓరగా తీసి చూస్తున్నట్టు.

"విచ్చీవే తల్లీ," అన్నాడు. "మద్దేనానికి ఆటో వచ్చేత్తాది."

పక్కింటి పుష్పకుమారి టీచరమ్మ ఇవాళ అనకాపల్లి వదిలి, నక్కపల్లిలో కూతురు షెకీనా దగ్గరికి వెళ్లిపోతోంది. మోకాళ్లు మొరాయించాయి, చూపు మందగించింది. వెళ్లేలోపు ఆవిడ పెరట్లోని ఈ పువ్వు ఆవిడకి చూపించాలని నూకరాజు పట్టుదల. మే పువ్వు ఏడాదికి ఒక్కసారే వస్తుంది. చలికాలానికి ఆకులెండిపోయి, మడి బోసిగా, ఏమీ ఎరగనట్టు పడుంటుంది. ఎండలు ముదిరాక మట్టిలోని దుంపకి మెలకువొచ్చి, కాడ లేచి, పిల్లల ఆటబంతంత ఎర్ర పువ్వు పూస్తుంది. వారం తిరగకుండా రాలిపోతుంది.

తనింట్లోకొచ్చి మంచం కింద రేకుపెట్టె లాగాడు. వెతికిందే వెతికాడు.

"ఏటే, నా ఎర్రబంతి ఎక్కడెట్టేవు?"

"నాకేటి తెలుసు నీ ఆటసామాను?" అంది భార్య తలుపులమ్మ, పొయ్యి దగ్గర్నించి తలెత్తకుండా. "ముసిలోడివైనా బుద్ధి రాలేదు."

ఆ ఎర్రబంతి ఎప్పుడో కొడుకు మంకీటోపీ నుంచి కోసిన ఊలు కుచ్చు. ఏటా మే నెల మొదటివారంలో దాన్ని వెదురుపుల్లకి గుచ్చి టీచరమ్మ మడిలో పాతడం నూకరాజుకి వ్రతం. కళ్లజోడు పెట్టుకోకుండా పెరట్లోకొచ్చే ఆవిడ "అయ్యో, అప్పుడే పూసేసిందే!" అని వీధంతా వినపడేలా అరుస్తుంది. గోడవతల నూకరాజు పొట్ట పట్టుకుని దొర్లుతాడు. పద్నాలుగేళ్లుగా ఒకటే వేషం, పద్నాలుగేళ్లుగా ఒకటే కేక.

బంతి దొరకలేదు. మార్కెట్టుకి టైమైపోయింది.

నూకరాజు బెల్లం మార్కెట్లో కలాసీ. ముప్పై ఐదేళ్లు దిమ్మలు మోసి మోసి కుడిభుజం ఎడమదానికంటే రెండంగుళాలు కిందకి దిగింది. సాయంత్రాలు ఈగలు అతన్ని ఇంటిదాకా సాగనంపుతాయి. తోటి కలాసీ తాతబ్బాయి చొక్కా వెనక ఇంత బెల్లం అంటించి, ఈగలు ఎవరితో వెళ్తాయో చూడటం నూకరాజుకి నిత్య వినోదం. ఇవాళ అది కూడా చేయబుద్ధి కాలేదు.

"ఏటి బావా, వొంట్లో బాగోలేదేటి?" అన్నాడు తాతబ్బాయి. వీపు తడుముకుని చూసుకున్నాడు కూడా.

పదిహేనేళ్ల కిందట లారీ మీంచి జారి నూకరాజు నడుం విరగ్గొట్టుకున్నాడు. నాలుగు నెలలు నులకమంచం మీదే. లేస్తాడని ఎవరూ అనుకోలేదు. బడి అయిపోగానే టీచరమ్మ వచ్చి, మంచం పక్కన పీట వేసుకుని పేపరు చదివి వినిపించేది. ఒకరోజు పాలడబ్బాలో మట్టి పోసి, ఉల్లిపాయంత దుంప పెట్టి తెచ్చింది.

"ఇది చచ్చిపోలేదు నూకరాజూ, పడుక్కుంది. నువ్వూ అంతే," అంది.

ఆ మే నెలలో డబ్బాలోంచి ఎర్రబంతి లేచింది. అదే వారం నూకరాజు గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాడు. తన వాకిలంతా నాపరాళ్లు కాబట్టి దుంపని తీసుకెళ్లి ఆవిడ పెరట్లోనే నాటాడు. అది మూడైంది, మూడు పదైంది. మధ్యలో ఒకసారి, తనకి తెలిసిన బలం బెల్లమే కాబట్టి, మడినిండా బెల్లంనీళ్లు పోశాడు. తెల్లారేసరికి ఊళ్లో చీమలన్నీ అక్కడే. సగం దుంపలు తినేశాయి.

"పువ్వులక్కూడా షుగర్ జబ్బు తెప్పిస్తావా?" అని టీచరమ్మ నవ్విందే గాని కోప్పడలేదు.

ఇన్నేళ్లలో ఆవిడకి ఒక్కసారి కూడా నూకరాజు మంచిమాట చెప్పలేదు. నోరు తెరిస్తే వేళాకోళమే వచ్చేది.

మధ్యాహ్నం పరుగున వచ్చేసరికి వీధిలో ఆటో నడిపే అప్పారావు సామాను సర్దుతున్నాడు. మొగ్గ ఇంకా పిడికిలే. టీచరమ్మ చేతికర్రతో నిలబడి ఉంది.

"పూసిందా నూకరాజూ?"

"లేదమ్మా. రేపో ఎల్లుండో. పోనీ దుంపతో తవ్వీసి ఇచ్చీమంటారా?"

"లేచినదాన్ని తవ్వితే అలిగి ముడుచుకుపోతుంది. చలికాలం ఆకులెండాక రెండు తీసుకుని నక్కపల్లి రా. ఉండు, ఒక్కసారి వాటికి చెప్పొస్తాను. తలుపులమ్మా, చెయ్యందుకో."

ఆడవాళ్లిద్దరూ పెరట్లోకి వెళ్లి చాలాసేపటికి వచ్చారు. టీచరమ్మ ఇంటి తాళంచెవి నూకరాజు చేతిలో పెట్టింది, ఓనరుకి ఇమ్మని. నూకరాజు గొంతు సవరించుకున్నాడు. చెప్పాల్సిన మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"మీరెల్లిపోతే నానెవర్ని ఆట పట్టించాలండీ?" అన్నాడు చివరికి.

"అప్పారావున్నాడుగా," అంది ఆవిడ.

ఆటో కదిలింది. నూకరాజు వీధి మలుపుదాకా దాని వెనకే నడిచి, అది కనపడినంతసేపూ అక్కడే నిలబడి వెనక్కొచ్చాడు.

పొద్దు వాలుతుండగా నీళ్లు పోద్దామని పెరటి తలుపు తీశాడు. మడి మధ్యలో ఎర్రగా, గుండ్రంగా, నిండుగా విచ్చుకుని ఉంది.

"తలుపులమ్మా! పూసీసింది! అయ్యో, రెండు గంటలాగితే సూసీదే!" చెంబు పారేసి పరిగెత్తి, వొంగి, రెండు చేతులతో పట్టుకున్నాడు.

మెత్తగా తగిలింది. ఊలు.

వెనక తలుపులమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. "నిన్ననే పట్టుకెల్లి ఇచ్చీసేను. ఆవిడికి మొదటేడే తెలిసిపోయిందంట. నువ్వలా దొర్లి నవ్వుతావని ఏటేటా అరిచీదంట."

నూకరాజు మట్టిలోనే చతికిలబడ్డాడు. నవ్వు మొదలైంది, ఆగలేదు. కళ్లు తుడుచుకున్నా ఆగలేదు. కాసేపటికి ఊలుబంతికి రెండు చేతులూ జోడించి, "మీ రుణం తీరదండీ టీచరమ్మా," అన్నాడు.

"ఎదర మనిసుంటే సెప్పవు, ఊలుకి సెప్తావేటి?" అంది తలుపులమ్మ. కానీ ఈసారి నవ్వలేదు.

"నిజంది పూసినాక నక్కపల్లి ఎల్లి సెప్తాను. సలికాలందాకా ఆగను." పారేసిన చెంబు వెతికి తెచ్చి నీళ్లు పట్టాడు. అన్ని దుంపలకీ పోశాడు, వెదురుపుల్ల మొదట్లో కూడా ఇన్ని పోశాడు. పచ్చి మొగ్గ పక్కన, పద్నాలుగు మే నెలల ఎండకి వెలిసిన ఊలుబంతి, కుచ్చు చివర ఒక్క నీటిచుక్కతో నిలబడి ఉంది.